ఫ్రాంకెన్‌స్టైన్ భూతం రూపచిత్రాన్ని పెన్సిల్‌తో గీయడం ఎలా?

భయం గొలిపే ముఖాన్ని పెన్సిల్‌తో గీయాలనుకునేవారు సాధారణంగా కుట్లతోనూ, గాయాలతోనూ, మెడలో దిగిన ఇనుప ముక్కలతోనూ మొదలుపెడతారు. చివరకు కాగితం మీద మిగిలేది పైపైన రంగు పూసుకున్న మామూలు ముఖమే. యూనివర్సల్ సంస్థ నిర్మించగా జేమ్స్ వేల్ దర్శకత్వంలో 1931లో విడుదలైన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రంలో నటుడు బోరిస్ కార్లాఫ్ ధరించిన, శవాల భాగాలు కలిపి ప్రాణం పోసిన భూతం వేషాన్ని శ్రద్ధగా గమనించండి. ఆ ముఖంలోని భయం చాలావరకు ముందుకు పొడుచుకొచ్చిన కనుబొమల గట్టు కింద పడే నీడలోనూ, సగం వాలిన బరువైన రెప్పల్లోనూ ఉందని తెలుస్తుంది. కుట్లు తీసివేసినా ఆ ముఖం భయపెడుతుంది. ఆ నీడ తీసివేస్తే భయపెట్టదు.

ఆ ముఖం ఆధారంగా ఒక రూపచిత్రాన్ని మొదటి గీత నుంచి చివరి పూత వరకు ఎలా గీయాలో ఇక్కడ వివరిస్తాను. ముందుగా మనిషి తలను సరిగ్గా గీసి, తరువాత దాన్ని భూతంగా మార్చడమే ఇందులోని పద్ధతి. ఆ చిత్రానికి మేకప్ సమకూర్చిన జాక్ పియర్స్ చేసింది కూడా అదే కాబట్టి, ఆయన నడిచిన దారిలో నడవడం మనకు తేలిక.

మేకప్ వెనుక ఉన్న తర్కం

పెన్సిల్ పట్టుకునే ముందు ఆ వేషం అలా ఎందుకు ఉందో తెలుసుకోవాలి. పియర్స్ ఆ తలను ఊరికే చదును చేయలేదు. పుర్రెలో మెదడు అమర్చవలసిన శస్త్రవైద్యుడు దాని పైభాగాన్ని అడ్డంగా కోసి, గిన్నె మూత తీసినట్టు తీసి, పని పూర్తయ్యాక మళ్లీ బిగించి ఉంటాడన్నది ఆయన ఊహ. అందువల్లే తల పైభాగం చదునుగానూ, దాని అంచు పదునుగానూ ఉంటుంది, నుదుటి మీద లోహపు బిగింపులు కనిపిస్తాయి. మెడకు ఇరువైపులా ఉన్నవి శరీరంలోకి విద్యుత్తును పంపడానికి ఉద్దేశించిన ఎలక్ట్రోడ్లు. చాలామంది వాటిని తల ఊడిపోకుండా బిగించిన బోల్టులు అనుకుని మరలు కూడా గీస్తారు.

నుదుటిని దూదితోనూ, కొలోడియన్ అనే జిగురు ద్రవంతోనూ పొరలు పొరలుగా పెంచారు. కార్లాఫ్ కళ్లు మరీ చురుకుగా, అన్నీ అర్థమవుతున్నట్టుగా కనిపిస్తున్నాయని రెప్పల మీద మైనం అద్ది వాటిని బరువెక్కించారు. కార్లాఫ్ తన పళ్ల వరుసలో అమర్చుకున్న కట్టుడు పళ్ల బ్రిడ్జిని తీసివేయడంతో ఒక చెంప లోపలికి పీక్కుపోయింది. చిత్రం నలుపు తెలుపులో ఉన్నందున, ముఖానికి ఆకుపచ్చ ఛాయ కలిసిన రంగు పూస్తే తెర మీద అది శవం పాలిపోయిన రంగుగా కనిపించింది. ఈ మేకప్ వేయడానికి రోజూ దాదాపు 4 గంటలు పట్టేది.

ఈ వివరాల్లో ప్రతి ఒక్కటీ చిత్రకారుడికి ఒక సూచనే. ఎముక ఎక్కడ పెరిగిందో, మాంసం ఎక్కడ తగ్గిందో, చర్మం ఎక్కడ బరువెక్కి జారిందో తెలిసినవారు నీడను ఎక్కడ వేయాలో ఫొటో చూడకుండానే చెప్పగలరు. అది తెలియనివారు ఫొటోలోని మచ్చలను ఒక్కొక్కటిగా నకలు చేస్తారు, ఆ నకలులో తల గుండ్రంగా తిరగదు.

కావలసిన సామగ్రి

పెన్సిళ్లలో 2హెచ్, హెచ్‌బి, 2బి, 4బి, 6బి చాలు. హెచ్ అంకె పెరిగేకొద్దీ ములుకు గట్టిపడి గీత లేతగా పడుతుంది, బి అంకె పెరిగేకొద్దీ ములుకు మెత్తబడి గీత నల్లగా పడుతుంది. డజను పెన్సిళ్ల పెట్టె ఉన్నా చేయి అలవాటుగా వెతికేది ఈ అయిదింటినే. వీటితో పాటు ముద్దలా పిసకడానికి వీలైన నీడెడ్ రబ్బరు, సన్నని కొన గల గట్టి రబ్బరు, ఛాయలను రుద్ది కలపడానికి కాగితం చుట్టి చేసిన ఒక బ్లెండింగ్ స్టంప్, ఇంకు అయిపోయిన బాల్‌పాయింట్ పెన్ను, మెత్తని కుంచె ఒకటి దగ్గర ఉంచుకోండి. కుంచె రబ్బరు పొట్టును తుడవడానికి. చేత్తో తుడిస్తే గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకు పొడి, అలుక్కుపోతుంది.

కాగితం ఏ3 పరిమాణంలో, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) చుట్టుపక్కల మందంతో ఉంటే మంచిది. పూర్తిగా నున్నని కాగితం కంటే కొద్దిపాటి గరుకు ఉన్న కాగితం ఈ ముఖానికి బాగా సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ గరుకే చర్మపు ముతకదనాన్ని సగం గీసి పెడుతుంది.

నమూనాను, వెలుగును ఎంచుకోవడం

ఆ చిత్రంలోని నిశ్చల చిత్రాల్లో ఒకే దిక్కు నుంచి, కాస్త పై నుంచి వెలుగు పడిన ముఖాన్ని ఎంచుకోవాలి. ఎదురుగా బలమైన దీపం పెట్టి తీసిన ప్రచార ఫొటోల్లో కంటి గుంటలు చదునుగా కనిపిస్తాయి, వాటి నుంచి నేర్చుకోగలిగింది తక్కువ. సినిమాలో భూతం మొదట వెనక్కి నడుస్తూ గదిలోకి వచ్చి, మెల్లగా ఇటు తిరిగి, ఆ తరువాత పైకప్పు లోంచి పడే వెలుగు వైపు ముఖమెత్తే ఘట్టాన్ని ఆపి ఆపి చూడండి. ముఖం కిందికి ఉన్నప్పుడు నీడతో నిండిన కంటి గుంటలు, ముఖం ఎత్తగానే వెలుగుతో తెరుచుకుంటాయి; ఒకే ముఖం కొద్ది క్షణాల్లో భయం నుంచి జాలికి మారుతుంది. మీ చిత్రంలో ఏ భావం కావాలో ముందే నిర్ణయించుకుంటే తల వంపు, వెలుగు దిక్కు వాటంతట అవే నిర్ణయమవుతాయి.

ఈ వివరణ కోసం ముఖం మనకు కుడి వైపుగా కొద్దిగా తిరిగి ఉందనీ, వెలుగు ఎడమ వైపు పై నుంచి పడుతోందనీ, చూసేవారి దృష్టి భూతం గడ్డం ఎత్తులో ఉందనీ అనుకుందాం. చూపు కింది నుంచి పైకి వెళ్తున్నందున ఆకారం ఎత్తుగా అనిపిస్తుంది. అదే కారణంగా కళ్లను, కనుబొమలను, ముక్కు అడుగును కలిపే అడ్డగీతలు తిన్నగా కాక, మధ్యలో పైకి లేచిన విల్లులా వంగుతాయి. ముక్కు రంధ్రాలు, దవడ అడుగు భాగం కొద్దిగా కనిపిస్తాయి. చెవులు మామూలు కంటే కాస్త కిందికి దిగినట్టు ఉంటాయి. తల పై చదును మాత్రం కనిపించదు, దాని అంచు మాత్రమే కనిపిస్తుంది. చాలా చిత్రాల్లో ముఖాన్ని కింది నుంచి చూపిస్తూనే తల పైభాగాన్ని బల్ల మాదిరిగా చూపించే పొరపాటు జరుగుతుంది. రెండూ ఒకేసారి సాధ్యం కావు.

తల కట్టుబడి

ముసాయిదాను మామూలు పలుచని కాగితం మీద గీయండి, మంచి కాగితాన్ని ఇప్పుడే తీయవద్దు.

మొదట మామూలు మనిషి తల గీయాలి. గడ్డం నుంచి నడినెత్తి వరకు 21 సెంటీమీటర్ల నిలువు గీత గీసి, దాని సగంలో, అంటే గడ్డం నుంచి 10.5 సెంటీమీటర్ల ఎత్తులో కళ్ల గీతను గుర్తించండి. గడ్డం నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తులో ముక్కు అడుగు, 12 సెంటీమీటర్ల ఎత్తులో కనుబొమలు, 18 సెంటీమీటర్ల ఎత్తులో జుట్టు మొదలయ్యే చోటు వస్తాయి. పెదవుల మధ్య గీత ముక్కు అడుగుకు 2 సెంటీమీటర్ల కింద పడుతుంది. ఎదురుగా చూస్తే తల వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు, అందులో అయిదో వంతు ఒక కన్ను. ముఖం కుడికి తిరిగింది కాబట్టి ముఖపు నడిమి గీతను కుడి వైపుకు జరిపి, ఆ పక్క కన్నును, చెంపను ఇరుకు చేయండి. ఎంత ఇరుకు చేయాలన్నది నమూనాను చూసి కొలవవలసిందే. దీనికి నిర్ణీత సూత్రం లేదు.

మనిషి తల కుదిరిందని నమ్మకం కలిగిన తరువాతే భూతం పని మొదలుపెట్టండి. కళ్లు, ముక్కు, నోరు ఉన్న చోటనే ఉంటాయి. నడినెత్తి మీద 3 సెంటీమీటర్లు పెంచి అడ్డంగా ఒక గీత గీస్తే మొత్తం ఎత్తు 24 సెంటీమీటర్లు అవుతుంది, కళ్ల గీత సగం కంటే బాగా కిందికి వస్తుంది. ఈ ఒక్క మార్పుతోనే ముఖం మనిషిది కాకుండా పోవడం చూసి మీరే ఆశ్చర్యపడతారు. కణతలను పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంచకుండా దాదాపు నిటారుగా తీసుకువెళ్లి ఆ అడ్డగీతతో కలపండి. అలా కలిసిన మూలలను కొద్దిగా మొద్దుబార్చాలి, లేకపోతే తల చెక్కపెట్టెలా కనిపిస్తుంది.

తరువాత కనుబొమల గట్టును అర సెంటీమీటరు కిందికి దించి, ముందుకు పొడుచుకొచ్చేలా రెండు కణతల మధ్య ఒకే దిమ్మగా గీయండి. కనుబొమ వెంట్రుకల గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. చెంప ఎముక కింది గుంటను త్రికోణంగా గుర్తించండి. దాని ఒక కొన చెవి ముందు, రెండోది నోటి మూల దగ్గర, మూడోది దవడ అంచు మీద ఉంటాయి. దవడను కొద్దిగా వెడల్పు చేయండి. పై పెదవి పలుచగా, పొడవుగా ఉండి, నోటి మూలలు కిందికి దిగాలి. పళ్లు చూపించవద్దు. మూసిన నోరు ఈ ముఖానికి ఇచ్చే గాంభీర్యాన్ని కోరలు ఇవ్వలేవు.

ముసాయిదాను అద్దంలో చూడండి. మన కంటికి అలవాటైపోయిన వంకరలు అద్దంలో వెంటనే బయటపడతాయి. సరిచేసిన తరువాత కాగితం వెనుక వైపు 2బి పెన్సిల్‌తో పలుచగా రుద్ది, మంచి కాగితం మీద పరిచి, ముఖ్యమైన గీతల మీదుగా మాత్రమే హెచ్‌బితో తేలికగా నడిపించి అచ్చు దింపండి. గట్టిగా ఒత్తితే మంచి కాగితంలో గాడి పడుతుంది, తరువాత ఎంత ఛాయ వేసినా ఆ గాడి తెల్లగానే ఉండిపోతుంది. దింపిన గీతలను నీడెడ్ రబ్బరుతో అద్ది, కనిపించీ కనిపించనంత వరకు లేతబరచండి.

ఛాయల పట్టిక

ఒక చిన్న కాగితం ముక్క మీద 7 గళ్లు గీసి, మొదటి గడిని తెల్లగా వదిలి, ఏడో గడిని 6బితో వీలైనంత నల్లగా నింపి, మధ్యలోని అయిదింటిని సమానమైన మెట్లుగా నింపండి. ఈ ముక్క చివరి వరకు మీ చేతి పక్కనే ఉండాలి. ఇప్పుడు ముఖంలోని ఒక్కో భాగానికి ఒక్కో అంకె ఇవ్వండి. వెలుగు పడిన నుదురు, ముక్కు దూలం, ఎడమ చెంప ఎముక 2. వెలుగు నుంచి పక్కకు తిరిగే తలాలు, అంటే ముఖంలోని చదునైన భాగాలు, 3 లేదా 4. కుడి వైపు నీడ, చెంప గుంట 5. కంటి గుంటలు 6. జుట్టు, కోటు మెడపట్టీ, ముక్కు రంధ్రాల లోపల 7. తెల్లని 1ని కనుబొమల గట్టు మీద ఒకటి రెండు మెరుపులకూ, లోహపు భాగాలకూ, కుట్ల దారాల మెరుపుకూ తప్ప ఎక్కడా వాడవద్దు. పాలిపోయిన ముఖమంటే తెల్లని కాగితం వదిలేయడమని కొందరు అనుకుంటారు. పాలిపోవడమంటే వెచ్చదనం, మెరుపు లేకపోవడం; కాబట్టి ముఖమంతటా ఒక పలుచని బూడిద పొర ఉండి తీరాలి.

ఆ పొరను 2హెచ్‌తో, పెన్సిల్‌ను పక్కకు వాల్చి పట్టుకుని, ఒకే దిశలో దగ్గరదగ్గరగా గీతలు వేస్తూ పరచండి. జుట్టు, కంటి గుంటల లోతు, కోటు వంటి మిక్కిలి నల్లని భాగాల మీదికి మాత్రం ఈ పొరను పోనివ్వవద్దు. గట్టి పెన్సిల్ కాగితపు గరుకును అణిచివేస్తే ఆ తరువాత మెత్తని పెన్సిల్ అక్కడ పట్టదు, జారిపోయి మెరుస్తుంది. గ్రాఫైట్‌కు ఉన్న ఈ మెరుపే చీకటి చిత్రాలకు పెద్ద ఇబ్బంది. మెరుపు లేని నలుపు కావాలనుకునేవారు చార్‌కోల్ (బొగ్గు) పెన్సిల్ వాడవచ్చు, అయితే గ్రాఫైట్ పూసిన చోట చార్‌కోల్ సరిగా అంటదు కనుక, దాన్ని ఖాళీ కాగితం మీదే ముందుగా వేయాలి.

ఇక నీడ మొత్తాన్ని 2బితో ఒకే ముక్కగా నింపండి. కుడి కణత, కుడి కంటి గుంట, ముక్కు కుడి పక్క, చెంప గుంట, దవడ అడుగు, మెడ కుడి భాగం ఇవన్నీ విడివిడి నీడలు కావు, ఒకదానిలోకి ఒకటి కలిసిన ఒకే పెద్ద ఆకారం. కళ్లు సగం మూసి నమూనాను చూస్తే ఆ ఆకారం స్పష్టమవుతుంది. ఈ దశలో ముఖం రెండు ఛాయల ముఖమే. కన్ను గుడ్డు లేదు, పెదవి లేదు, కుట్టు లేదు. అయినా చేయి చాపినంత దూరంలో కాగితం నిలబెట్టి చూస్తే అది ఎవరి ముఖమో పోల్చుకోగలగాలి. పోల్చుకోలేకపోతే ఎన్ని వివరాలు చేర్చినా లాభం ఉండదు కాబట్టి, నీడ అంచులను ఇక్కడే సరిచేసుకోండి.

కుడిచేతి వాటం వారు ఎడమ పై మూల నుంచి కిందికి, ఎడమచేతి వాటం వారు కుడి పై మూల నుంచి కిందికి పని చేస్తూ, చేతి కింద శుభ్రమైన కాగితం ఒకటి పెట్టుకోవాలి. వేలితో రుద్దవద్దు, చర్మపు నూనె కాగితానికి అంటిన చోట మరక పోదు.

కళ్లు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఈ చిత్రం నిలబడేదీ పడిపోయేదీ కళ్ల దగ్గరే.

కన్నును గీసే ముందు కన్ను ఉండే గుంటను గీయాలి. కనుబొమల గట్టు కింద పడే నీడ మొత్తాన్ని 4బితో నింపి, ముక్కు మూలం దగ్గర మరింత చిక్కబరచండి, బయటి కొస వైపు వెళ్లేకొద్దీ పలుచబరచండి. గట్టు అంచు వెలుగు వైపు పదునుగా, నీడ వైపు మెత్తగా ఉండాలి. ఆ తరువాత నీడెడ్ రబ్బరును సన్నని కొనలా మలిచి, పై రెప్ప ఉబ్బు మీద అద్ది కొంచెం గ్రాఫైట్ ఎత్తండి. అలా చీకటి లోంచి రెప్ప బయటికి వస్తుంది. కన్ను చుట్టూ గీత గీసి లోపల నింపడానికీ, చీకటి లోంచి రెప్పను వెలికితీయడానికీ ఫలితంలో ఎంతో తేడా ఉంది. మొదటి పద్ధతిలో కన్ను ముఖానికి అతికించినట్టు ఉంటుంది, రెండో పద్ధతిలో పుర్రె లోపలి నుంచి చూస్తున్నట్టు ఉంటుంది.

రెప్పకు మందం ఉంది. కార్లాఫ్ రెప్పల మీద మైనం ఉన్నందున ఆ మందం మామూలు కంటే ఎక్కువ. కాబట్టి రెప్ప కింది అంచును ఒక గీతగా కాక సన్నని పట్టీగా గీయండి: పట్టీ పైభాగం కాస్త లేతగా, కింది అంచు నల్లగా. ఆ అంచు నీడ కనుగుడ్డు మీద పడుతుంది. రెప్ప నల్లగుడ్డు పైభాగాన్ని దాటి కంటిపాప పై అంచు వరకు వాలాలి. నల్లగుడ్డు మొత్తం గుండ్రంగా కనిపిస్తే చూపులో ఉలికిపాటు వస్తుంది, అది ఈ భూతం స్వభావం కాదు. కంటి తెలుపు ఎన్నడూ తెలుపు కాదు. నీడలో ఉన్న ఈ కళ్లలో అది 4వ మెట్టు ఛాయలో ఉండి, మూలల వైపు 5కు చేరుతుంది.

కంటిలో మెరుపు చుక్క విషయంలో పొదుపు పాటించాలి. పెద్ద తెల్లని చుక్క పెడితే కన్ను ప్రాణంతో చిందులు వేస్తుంది, అసలు పెట్టకపోతే చనిపోయిన చేప కన్నులా ఉంటుంది. వెలుగు వైపు ఉన్న ఎడమ కంటిలో మాత్రం, రెప్ప నీడకు ఆనుకుని, 3వ మెట్టు ఛాయలో అతి చిన్న మెరుపును వదలండి. కుడి కంటిలో కింది రెప్ప తడి అంచు మీద ఒక సన్నని లేత గీత చాలు. రెండు కళ్లూ ఒకేలా ఉండనవసరం లేదు. ఒక రెప్ప రెండోదాని కంటే వెంట్రుకవాసి ఎక్కువ వాలితే ముఖంలో అయోమయం కనిపిస్తుంది. చూపును నేరుగా చూసేవారి మీదికి కాక, కాస్త పక్కకో, కిందికో మళ్లించండి.

కింది రెప్ప కింద సంచిలా జారిన చర్మాన్ని ఒక నీడగీతతో కాదు, మూడు నాలుగు ఛాయల మెత్తని మలుపుతో చూపాలి. స్టంప్ వాడదగిన చోట్లలో ఇది ఒకటి. ముఖమంతా స్టంప్‌తో రుద్దడాన్ని మాత్రం నేను సమర్థించను, అలా రుద్దిన చర్మం పొగమంచులో ముంచినట్టు తయారై ఎముకల పదును పోతుంది.

ముక్కు, చెంప, నోరు

ముక్కును నాలుగు తలాలుగా చూడండి: వెలుగులో ఉన్న దూలం, రెండు పక్కలు, కింది వైపు. కుడి పక్క అప్పటికే పెద్ద నీడలో కలిసి ఉంది, దాన్ని విడదీసే గీత అక్కర్లేదు. రంధ్రాలను గుండ్రని చుక్కలుగా కాక, బయటికి పలుచబడుతూ పోయే నల్లని మరకలుగా వేయండి.

చెంప గుంట పై అంచు, అంటే చెంప ఎముక కింద, నీడ చిక్కగా మొదలై దవడ వైపు మెల్లగా వెలుగులోకి కరగాలి. రెండు అంచులనూ ఒకేలా మెత్తబరిస్తే గుంట బదులు మసి మరక కనిపిస్తుంది. నీడలో ఉన్న దవడ అంచు మీద, కోటు నుంచి తిరిగి వచ్చే మసక వెలుతురుగా ఒక మెట్టు లేత ఛాయ ఉంచితే దవడ మెడ నుంచి విడిపడుతుంది. పెదవుల ఛాయ చర్మం కంటే రెండు మెట్లు ఎక్కువ. మధ్య గీతను ఒకే ఒత్తిడితో కాక మూలల దగ్గర, నడిమిలో ఒత్తి, మిగిలిన చోట్ల వదిలి గీయండి.

కుట్లు, బిగింపులు, ఎలక్ట్రోడ్లు

ఇవి చివర్లో రావాలి, తక్కువగా రావాలి. గాయపు మచ్చ నల్లని గీత కాదు. ఉబ్బిన చర్మం లేదా దిగిన చర్మం. ఉబ్బిన మచ్చకు వెలుగు వైపు లేత అంచు, అవతల సన్నని నీడ ఉంటాయి. అది నుదుటి మీదుగా సాగేటప్పుడు నుదుటి వంపును అనుసరించి వంగాలి, గట్టు దగ్గర దిశ మార్చుకోవాలి. కుట్ల దారాలను మచ్చకు అడ్డంగా, ఎడాలు కొద్దిగా తేడాగా వేయండి, ప్రతి కుట్టు కొన దగ్గర చర్మం గుంజుకున్నట్టు చిన్న నీడ పెట్టండి. దారం మీది మెరుపు కోసం, ఛాయ వేయడానికి ముందే ఇంకు లేని పెన్నుతో అక్కడ గాడి ఒత్తి ఉంచుకుంటే, పై నుంచి పెన్సిల్ నడిపినప్పుడు అది తెల్లని సన్నగీతగా నిలుస్తుంది. ముందు వద్దన్న గాడే ఇక్కడ పనికొస్తుంది.

లోహానికి, చర్మానికి తేడా అంచుల్లో ఉంది. చర్మం మీద 2 నుంచి 5కు చేరడానికి ఛాయ మెల్లగా మారుతుంది, లోహం మీద 1 పక్కనే 7 ఉండవచ్చు. బిగింపు చిన్నదే అయినా అది నుదుటి మీద వేసే నీడను మరవకండి. ఎలక్ట్రోడ్ ఒక పొట్టి స్తంభం. దాని కొన అండాకారంగా కనిపిస్తుంది, మెడలోకి దిగిన చోట చర్మం ముడతపడుతుంది. ఎడమ దాని ఒక్కదాన్నే స్పష్టంగా గీసి, కుడి దాన్ని నీడలో సూచనగా వదిలేస్తే చాలు.

ఆ సినిమా రూపానికే కట్టుబడవలసిన పని లేదని ఇక్కడ చెప్పాలి. చదును తల, మెడ ఎలక్ట్రోడ్లు 1931 నాటి మేకప్ సొత్తు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలోని జీవికి అవి లేవు. అక్కడ కింది కండరాలను, రక్తనాళాలను కప్పీ కప్పని పసుపు చర్మం, నిగనిగలాడే పొడవాటి నల్లని జుట్టు, ముత్యాల వంటి పళ్లు, నీళ్లు నిండిన వెలిసిన కళ్లు, తిన్నని నల్లని పెదవులు ఉన్నాయి, ఎత్తు దాదాపు 8 అడుగులు. ఇదే కట్టుబడి మీద చదును భాగాన్ని తీసివేసి, కంటి గుంటలను అలాగే ఉంచి, ఆ వర్ణన ప్రకారం మరో ముఖం గీయవచ్చు. సాధన కోసం గీసుకునేటప్పుడు ఈ తేడా పెద్దది కాదు. చిత్రాన్ని అచ్చువేసి అమ్మాలనుకునేవారు మాత్రం సినిమా రూపం మీద హక్కులు సంస్థకు ఉంటాయని గుర్తుంచుకుని, నవల మీద ఆధారపడి తమ సొంత రూపాన్ని కల్పించుకోవడం మేలు.

జుట్టు, కోటు, వెనుకభాగం

జుట్టును ముందు ఒకే నల్లని ముద్దగా 6బితో నింపి, నుదుటి మీద పడే కొసలను మాత్రం హెచ్చుతగ్గులుగా, అతుక్కుపోయిన పాయలుగా గీయండి. చదును అంచు దగ్గర ఒకటి రెండు పాయల మీద గట్టి రబ్బరు కొనతో మెరుపు ఎత్తితే ఆ అంచు తిరిగే చోటు తెలుస్తుంది. కోటుకు ఇంత శ్రద్ధ అవసరం లేదు. మెడపట్టీని, భుజపు వాలును నల్లగా వేసి, కిందికి పోయేకొద్దీ గీతలను విరళం చేస్తూ కాగితంలో కలిపేయండి.

వెనుకభాగాన్ని మొత్తం నలుపు చేయాలన్న ఆత్రుత చాలామందిలో ఉంటుంది, దానివల్ల కుడి వైపు నీడ, జుట్టు, వెనుకభాగం కలిసిపోయి తల ఆకారం మాయమవుతుంది. వెలుగు పడిన ఎడమ చెంప వెనుక 5వ మెట్టు ఛాయ, నీడలో ఉన్న కుడి చెంప వెనుక 3వ మెట్టు ఛాయ వేస్తే రెండు పక్కలా ముఖం నిలబడుతుంది. కుడి వైపు జుట్టు దగ్గర ఒకచోట అంచును కావాలనే కలిపేయండి; అన్ని అంచులూ కనిపించే తల కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

ముగింపు పనులు

చిత్రాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, నమూనాతో పక్కపక్కన చిన్నగా పెట్టి చూడండి. చిన్న బొమ్మలో వివరాలు కనిపించవు, ఛాయలు మాత్రమే కనిపిస్తాయి. నీడ చాలకపోతే వెంటనే తెలుస్తుంది. సాధారణంగా చాలకపోయేది నీడే. కంటి గుంటలను, చెంప గుంటను, గడ్డం కింది భాగాన్ని మరో మెట్టు దించడానికి భయపడవద్దు. ఆ తరువాత కనుబొమల గట్టు మీది మెరుపును నీడెడ్ రబ్బరుతో ఒకసారి అద్ది తేటపరచండి. సంతకం నల్లని భాగం మీద కాక లేత మూలలో చేయండి.

గ్రాఫైట్ చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే అయిన ఫిక్సేటివ్‌ను గాలి ఆడే చోట, కాగితానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకే దట్టమైన పూతగా కాక ఆరనిస్తూ రెండు మూడు పలుచని పూతలుగా చల్లాలి. ముందుగా ఛాయల పట్టిక గీసిన ముక్క మీద చల్లి చూస్తే, అది నలుపును ఎంత మారుస్తుందో తెలుస్తుంది. పూత పడ్డాక రబ్బరు సరిగా పనిచేయదు, కాబట్టి సవరణలన్నీ దానికి ముందే పూర్తికావాలి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం నేరుగా గ్రాఫైట్‌ను తాకకుండా చుట్టూ మౌంట్ బోర్డు అనే మందపాటి అట్ట పెట్టించండి.